బ్రెయిల్ కిట్ రివ్యూ: ఒడిశా బడిలో చదివే తెలుగు పిల్లలకు ఏది పనికొస్తుంది, ఏది అటకెక్కుతుంది

పర్లాకిమిడి, కాశీనగరం, గునుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో చూపులేని పిల్లలుంటే, బ్లాకు స్థాయి శిబిరాల్లో వాళ్లకు ఒక సంచీ చేతికిస్తారు. సంచీలో సాధారణంగా ఒక బ్రెయిల్ పలక, ఒకటో రెండో స్టైలస్‌లు (చుక్కలు పొడిచే మొన పనిముట్లు), అబాకస్ (లెక్కల పూసల చట్రం), టేలర్ ఫ్రేమ్ (అంకెల ముక్కలు పేర్చే చట్రం), నడకకు మడత కర్ర ఉంటాయి. ఒక్కోసారి కొంచెం బ్రెయిల్ కాగితం కూడా ఉంటుంది. ఇవే వస్తువులు బయట విడివిడిగా కూడా దొరుకుతాయి. ఈ రివ్యూ ఫలానా కంపెనీ గురించి కాదు. ఏ తయారీదారు ఇచ్చినా ఏం చూసుకోవాలి, ఎక్కడ చెడుతుంది, ఏ వయసుకు ఏది ఇవ్వాలి అన్నదే ఇక్కడ విషయం.

తీర్పు ముందే చెప్పేస్తే, పలక, స్టైలస్, అబాకస్ మూడూ అక్కరకొచ్చే వస్తువులు. కర్ర మంచిదే గానీ కొలత సరిపోతేనే. టేలర్ ఫ్రేమ్ అందరికీ అవసరం లేదు. ఇక కిట్ మొత్తంలో పెద్ద లోటు సంచీలో ఉన్న వస్తువుల్లో లేదు, లేని రెండింటిలో ఉంది. అవి ఏడాదికి సరిపడా కాగితం, టీచరుకు ఒక అక్షరాల చార్టు. ఈ రెండూ లేకపోతే సంచీ అటకెక్కుతుంది, పిల్ల తరగతిలో చేతులు కట్టుకుని కూర్చుంటుంది. హాజరు పట్టీలో పేరుంటుంది, అంతే.

రెండు భాషలకు ఒకే లిపి

సరిహద్దు తెలుగు కుటుంబాలకు ఈ కిట్ విలువ ఎందుకు ఎక్కువో చాలామందికి తెలియదు. చూపున్న తెలుగు పిల్ల ఒడియా మీడియం బడికి వెళ్తే ఇంట్లో ఒక లిపి, బడిలో ఇంకో లిపి నేర్వాలి. బ్రెయిల్‌లో ఆ బాధ లేదు. బ్రెయిల్‌లో ఒక్కో గుర్తు ఆరు చుక్కల గడి, చదివేటప్పుడు ఎడమ నిలువులో పైనుంచి 1, 2, 3, కుడి నిలువులో 4, 5, 6. 1951లో కుదిరిన భారతి బ్రెయిల్‌లో భారతీయ భాషలన్నిటికీ ఒకే ధ్వనికి ఒకే గుర్తు. తెలుగు క కు 1, 3 చుక్కలు, ఒడియా క కు అవే 1, 3. ల కు 1-2-3, ప కు 1-2-3-4, మ కు 1-3-4, ఇవన్నీ రెంటిలోనూ అవే. 'పలక' అని రాస్తే మూడు గడులు, ఒడియా మాస్టారు చదివినా తెలుగు మాస్టారు చదివినా అవే మూడు గడులు. సిరొంచ వైపు మరాఠీ బడుల్లో చదివే తెలుగు పిల్లలకూ ఇదే లెక్క.

తేడాలు కొద్దిగా ఉన్నాయి, అవే పిల్లల్ని తికమక పెడతాయి. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియాలో ఆ హ్రస్వ దీర్ఘ భేదం లేదు. ఏ కు 1-5, ఓ కు 1-3-5 రెండు భాషలకూ ఒకటే. తెలుగు ఎ కు 2-6, ఒ కు 1-3-4-6 మాత్రం ఇంట్లో విడిగా నేర్పాలి. రెండో చిక్కు చెవిలో ఉంది. ఒడియాలో అకారం కాస్త గుండ్రంగా పలుకుతుంది, 'క' తెలుగు చెవికి 'కొ' లాగా వినిపిస్తుంది. వినికిడి మీద రాసే పిల్ల ఒడియా క కు 1-3 పెట్టి పక్కన ఒ కూడా పెట్టేస్తుంది. 'క దగ్గర అచ్చు రాయకు, ఊరికే వదిలెయ్' అని మొదట్లోనే చెబితే ఈ తప్పు ముదరదు. ఒడియాకే ప్రత్యేకమైన ఒకటి రెండు అక్షరాలు బడి మాస్టారు చూపిస్తారు. ఇంట్లో కుయి, సవర అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలకూ ఇది కొంత కలిసొస్తుంది. బహుభాషా పాఠ్యపుస్తకాల్లో ఆ భాషల్ని ఒడియా లిపిలో రాస్తారు గనక అవే గడులతో పని మొదలుపెట్టవచ్చు. సవర పిల్లలకు సవర మాటల్లోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టింది ఈ పర్లాకిమిడిలోనే కదా!

దీనివల్ల మరో సంగతి తేలిక పడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు అంటుంది. పాఠశాలలు దాన్ని ముందే అంటగట్టడానికి చూస్తాయి, పని తగ్గుతుంది కాబట్టి. వినికిడి లోపమున్న పిల్లలకు అది నిజంగా అవసరం కావచ్చు. బ్రెయిల్ చదివే పిల్లకు భారతీయ భాషల విషయంలో అంత తొందర అక్కర్లేదు. లిపి ఒకటే అయినప్పుడు కొత్త భాష అంటే కొత్త మాటలే. మినహాయింపు తీసుకున్నాక పై తరగతుల్లో వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

పలక, స్టైలస్

పలక మన దగ్గర ఎక్కువగా కనిపించేది చెక్క బోర్డు, దాని మీద జరిగే రెండు వరుసల గైడ్, అంటే పైన కిటికీలు, కింద గుంటలు ఉండే మడత పట్టీ. కాగితం పైన బిగించి, గైడ్‌ను పక్క చిల్లుల్లో కూర్చోబెట్టి, రెండు వరుసలు రాశాక కిందికి జరుపుతారు. కొనేటప్పుడు మూడు చూడండి. గైడ్ మూసినప్పుడు పై కిటికీలు కింది గుంటలతో సరిగ్గా కలవాలి. అర మిల్లీమీటరు పక్కకు జరిగినా చుక్క సగమే లేస్తుంది. గైడ్‌ను చిల్లుల్లో పెట్టి వేలితో కదపండి, లొడలొడలాడితే వరుసలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. మడతబందు గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ పలకల్లో ముందు విరిగేది అదే. మామూలు కొలతలో ఒక గడిలో చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు 2.5 మి.మీ., గడికీ గడికీ 6 మి.మీ., వరుసకూ వరుసకూ 10 మి.మీ. ఉంటుంది. చిన్నపిల్లల కోసమని పెద్ద గడుల పలక ఇస్తే ఆడుకోవడానికి ఫరవాలేదు గానీ, పుస్తకం చదవాల్సింది మామూలు కొలతలోనే. అలవాటు అక్కడే చెయ్యాలి.

స్టైలస్ మొన గుండ్రంగా ఉండాలి. సూదిలా ఉంటే కాగితం చిరుగుతుంది, చిరిగిన చుక్క వేలికి గరుకుగా తగిలి అక్షరం తెలియదు. చదువుకునే చేతికి అది చిరాకు కూడా. ఆరేడేళ్ల పిల్లకు పొట్టి పిడి కావాలి, పిడి తల అరచేతిలో ఆనాలి, చూపుడువేలు పిడి మీదుగా కిందికి రావాలి. కిట్‌లో వచ్చేది చాలాసార్లు పెద్దవాళ్ల కొలత. గుండ్రటి పిడి అయితే బల్ల మీంచి దొర్లి పోతుంది. ఒక పక్క చదునుగా ఉన్నది చూసుకోండి, లేదా దారం కట్టి పలకకు ముడేయండి.

ఇక రాయడం. స్టైలస్‌తో కాగితాన్ని వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. పొడిచేటప్పుడు 1, 2, 3 చుక్కలు కుడి పక్కకు వస్తాయి. ఇక్కడే మొదటి నెలంతా తప్పులు. తిప్పడం మరిచిన పిల్ల రాసింది చదివితే క కాస్తా ఖ అవుతుంది, బ భ అవుతుంది, ల ళ అవుతుంది. 'బల' అని రాస్తే 'భళ' అని వస్తుంది! న డ గా, మ శ గా, ఇ ఏ గా తారుమారవుతాయి. ఇది చూసి పిల్లకు ఒత్తులు రావనో, పలుకు తేడా అనో అనుకోకండి. ఆ జతలు కనిపిస్తే విషయం అద్దం తిప్పుడే.

దీనికి విరుగుడు ఉంది. కుడి, ఎడమ అనే మాటలు అసలు వాడకండి. 'ముందొచ్చే నిలువు', 'తర్వాతొచ్చే నిలువు' అనండి. రాసినా చదివినా చెయ్యి ముందు తగిలే నిలువులో పైనుంచి 1, 2, 3. తర్వాతి నిలువులో 4, 5, 6. ఇలా నేర్చుకున్న పిల్లకు తిప్పుడు అనే సంగతే తెలియకుండా గడిచిపోతుంది. పలక పట్టించే ముందు కోడిగుడ్ల అట్ట ట్రేలోంచి రెండు నిలువులు, మూడు అడ్డాలు వచ్చేలా ఆరు గుంటలు కత్తిరించి, గోళీలతో అక్షరాలు పెట్టించండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే బడిలో ట్రేలకు కొదవ ఉండదు.

తెలుగుకు సంబంధించి టీచర్లు తడబడేది మరో రెండు చోట్ల. గుణింతానికి విడి గుర్తులు లేవు. హల్లు పక్కన అచ్చు పెట్టడమే, కి అంటే 1-3, తర్వాత 2-4. ఒత్తుకు 4వ చుక్క ఒంటరిగా, అదీ జంట అక్షరానికి ముందు వస్తుంది. 'పిల్లి'లో వరస ఇది: ప, ఇ, 4వ చుక్క, ల, ల, ఇ. మొత్తం ఆరు గడులు. అచ్చు తెలుగులో ఒత్తు కింద కనబడుతుంది కాబట్టి చూపున్న టీచరు 4వ చుక్కను రెండు ల ల మధ్య పెట్టించేస్తారు, అది తప్పు. అలాగే 3-4-5-6 ణ కూ అదే, అంకెల గుర్తుకూ అదే. తెలుగు మాట ణ తో మొదలవ్వదు గనక మాట మొదట్లో వస్తే అంకె, మధ్యలో వస్తే ణ అని ఒక్క ముక్కలో చెబితే చాలు.

కాగితం, కిట్‌లో అసలు కొరత

120 నుంచి 140 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందం కావాలి. మామూలు నోట్‌బుక్ కాగితం మీద చుక్క లేస్తుంది గానీ రెండోసారి చదివేసరికి అణిగిపోతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు నాలుగు షీట్లే అనుకున్నా 800 షీట్లు. కిట్‌తో వచ్చే కట్ట ఎన్నాళ్లొస్తుందో మీరే లెక్కేసుకోండి. పిల్ల రాయడం ఆపేసిందంటే ముందు కాగితం అయిపోయిందేమో అడగాలి. బద్ధకం అని తేల్చేయడం తర్వాత.

కాగితం కొనే దారి ఉంది. బడి చదువులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తలా ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంటుంది. అమ్మాయిలకు విడిగా నెలకు 200 చొప్పున 10 నెలలు స్టైపెండ్. బ్లాకు రిసోర్సు టీచరుకు కాగితం కావాలని బడి లెటర్‌హెడ్ మీద, షీట్ల సంఖ్య వేసి రాసి ఇవ్వండి. 'సామగ్రి కావాలి' అని రాస్తే మళ్లీ ఒక సంచీ వస్తుంది. సాధన కోసం పాత గోడ క్యాలెండర్లు, పెళ్లి పత్రికల అట్టలు, డ్రాయింగ్ పేపరు వాడవచ్చు. నున్నటి క్యాలెండరు కాగితం మీద చుక్క బాగా నిలుస్తుంది. వానాకాలంలో ఏజెన్సీ తేమకు కాగితం మెత్తబడి చుక్కలు దిగిపోతాయి. మూతి కట్టిన ప్లాస్టిక్ సంచీలో, నిలబెట్టి పెట్టండి. రాసిన కాగితాల మీద బియ్యం బస్తా సంగతి అటుంచి, లావుపాటి పుస్తకం కూడా పెట్టకూడదు.

పుస్తకాల సంగతి కూడా ముందే తెలుసుకోవడం మంచిది. ఒక అచ్చు పేజీ బ్రెయిల్‌లో రెండు మూడు పేజీలవుతుంది. అంటే ఒక్క పాఠ్యపుస్తకం అనేక సంపుటాలు. అన్నీ ఒక్కసారి అడగకుండా, మొదటి మూడు నెలల పాఠాలు ముందు అడిగితే చేతికొచ్చే అవకాశం ఎక్కువ. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పేరు నమోదు చేసుకుంటే ఫోనులో వినే రూపంలో పుస్తకాలు దించుకోవచ్చు. వినడం చదువుకు సాయమే, కానీ విన్న పిల్లకు అక్షరదోషాలు తెలియవు. బ్రెయిల్ మానిపించి ఫోన్ చేతికివ్వడం చవక పరిష్కారం మాత్రమే.

అబాకస్, టేలర్ ఫ్రేమ్

అబాకస్ ఈ కిట్‌లో నిశ్శబ్దంగా బాగా పనిచేసే వస్తువు. చూపులేనివాళ్ల అబాకస్‌లో పూసల వెనక ఫెల్టు గాని స్పాంజి గాని ఉంటుంది, పూస వేలు తగిలినంత మాత్రాన జారకూడదు. కొనేటప్పుడు 7 పెట్టి నిలువుగా పట్టుకుని ఒకసారి ఊపండి. పూసలు జారితే వద్దు. బొమ్మల కొట్టులో దొరికే రంగురంగుల అబాకస్ ఇందుకు పనికిరాదు. ప్రతి కమ్మీ మీద కింద నాలుగు ఒకట్ల పూసలు, పైన ఒక ఐదు పూస. 27కు 8 కలపాలంటే ఒకట్లలో 8కి చోటు లేదు. రెండు తీసేసి పదుల్లో ఒకటి వేస్తే 35. పిల్ల ముందుగా 10కి జతలు, అంటే 8కి 2, 7కి 3, 6కి 4 నోటికి రావాలి. అవి రాకుండా అబాకస్ పట్టిస్తే రెండు వారాల్లో విసుగెత్తుతుంది.

టేలర్ ఫ్రేమ్‌లో ఎనిమిది కోణాల చిల్లులుంటాయి. చిన్న టైపు ముక్కను ఏ వైపు తిప్పి పెట్టామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఒక కొసన గీత, రెండో కొసన రెండు చుక్కలు ఉంటాయి కాబట్టి ఒక్క ముక్కతో పదహారు గుర్తులు పెట్టొచ్చు. పద్ధతి తెలివైనదే. చిక్కేమిటంటే ముక్కలు పోతాయి, డబ్బా ఒలికితే తరగతి అయిపోయేదాకా ఏరుకోవడమే. అంకెల్ని నిలువుగా పేర్చి కూడికలు, గుణకారాలు చేయడం మూడు, నాలుగు తరగతుల్లో దీనితో బాగా అర్థమవుతుంది. నేర్పే టీచరు లేకపోతే మాత్రం బరువు తప్ప లాభం లేదు. పాత లోహపు టైపుల్లో సీసం కలుస్తుంది, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, పని అయ్యాక చేతులు కడిగించండి. ప్లాస్టిక్‌వి దొరికితే అవే మేలు.

కర్ర

నేల నుంచి రొమ్ము ఎముక కింది అంచు దాకా ఉండాలి. శిబిరంలో తరచు ఒకే కొలత పంచుతారు. ఎనిమిదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల కర్ర ఇస్తే దాన్ని మధ్యలో పట్టుకుని నడుస్తుంది, పై కొస పొట్టలో గుచ్చుకుంటుంది, నాలుగు రోజులకు మూలన పడేస్తుంది. లోపలి ఎలాస్టిక్ తాడు సాగితే మడతలు నిలవవు, తాడు మార్చుకోవచ్చు. మట్టిరోడ్డుకు సన్నటి మొన కంటే లావు మొన మేలు. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో ఒకసారి తీసుకున్న పరికరం మళ్లీ మూడేళ్లకు గాని ఇవ్వరు. 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాదికే ఇస్తారు, ఎదుగుతారు గనక. ఈ మాట శిబిరంలో గుర్తు చేయాల్సి రావచ్చు.

శిబిరంలో, బడిలో

అసలు బ్రెయిల్ కిట్ ఎవరికి అన్నది ముందు తేల్చాలి. చూపు కొంత మిగిలి ఉన్న పిల్లలకు కంటి పరీక్ష, కళ్లద్దాలు, భూతద్దం, 18 నుంచి 24 పాయింటు పెద్ద అక్షరాల పుస్తకం, లావు నల్ల స్కెచ్ పెన్ను సరిపోవచ్చు. వాళ్లకు బ్రెయిల్ సంచీ ఇచ్చి పంపేస్తే, ఉన్న చూపును వాడుకోవడం మానేస్తారు.

సరిహద్దు కుటుంబాలకు ఆధార్ పాతపట్నంలో, బడి పర్లాకిమిడిలో ఉండటం మామూలే. యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది. బడి ద్వారా వచ్చే సామగ్రికి చూసేది పిల్ల ఏ బడిలో నమోదైందన్నదే. అందుకే బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో పిల్ల వైకల్యం వివరం నింపారో లేదో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి చూడండి. అది ఖాళీగా ఉంటే లెక్కలో పిల్ల లేనట్టే. 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం ఉంటే 18 ఏళ్ల వరకు పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 చట్టం చెబుతోంది. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, కావాలంటే లేఖకుడు ఉంటారు. ఈ దరఖాస్తు పరీక్షల నెలలో కాదు, బడి తెరిచినప్పుడే ఇవ్వాలి.

టీచరు బ్రెయిల్‌ను వేలితో చదవక్కర్లేదు, కంటితో చదివితే చాలు. ఒక కాగితం మీద అక్షరాలు, చుక్కల నంబర్లు రాసి బల్లకు అంటించండి. పిల్ల రాసిన కాగితాన్ని కిటికీ పక్కన, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే చుక్కల నీడలు స్పష్టంగా కనబడతాయి. నల్లబల్ల మీద రాసేది రాస్తూనే పైకి చదవాలి. 'ఇది, అది' అని చూపిస్తే ఆ పిల్లకు ఏమీ అందదు. స్టైలస్ చప్పుడు పక్కవాళ్లకు అడ్డమైతే పిల్లను వెనక బెంచీకి పంపకండి, పలక కింద మడత గుడ్డో రబ్బరు షీటో వేయండి. రేకుల కప్పు ఉన్న బడిలో వాన పడితే అసలు మాటే వినబడదు, ఆ పిల్ల స్థానం టీచరు బల్ల దగ్గరే ఉండాలి.

శిబిరం ఎప్పుడొస్తుందో తెలియక సొంతంగా కొనేవాళ్లు ఈ వరుసలో కొనండి. ముందు పలక, రెండు స్టైలస్‌లు, కాగితం. ఆరు నెలలకు అబాకస్. కర్ర కొలత తీసుకున్నాకే. టేలర్ ఫ్రేమ్ నేర్పేవాళ్లు దొరికాక. పెర్కిన్స్ బ్రెయిలర్ యంత్రం, ఆరు మీటలతో నేరుగా చుక్కలు పైకి లేచేది, చిన్నపిల్లలకు ఎంతో సుఖం, తిప్పుడు గొడవ ఉండదు, వరుసకు 42 గడులు పడతాయి. కానీ ఐదు కిలోలకు కాస్త తక్కువ బరువు, ఖరీదు కూడా ఎక్కువ. అది ఇంటికి కాదు, బ్లాకు రిసోర్సు గదికి అడగాల్సిన వస్తువు.